కాడినా, గోళనా

గొంతు పక్కన చిన్న గడ్డ ఒకటి లేచింది. భయపడాల్సింది కాదని డాక్టరు నవ్వుతూనే చెప్పాడు, నవ్వుతూనే హైదరాబాదు పంపించాడు. అక్కడ పెద్ద దవాఖానలో మెట్లు దిగాక, చల్లటి వరండాలో వరసగా వేసిన ఇనుప కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఎదురుగా తలుపు మీద 'గామా కెమెరా' అని బోర్డు. నా పక్కనున్న పెద్దావిడ దాన్ని కూడబలుక్కుని చదివి, కొంగుతో మెడ తుడుచుకుని, "గామా అంటే ఏంది బిడ్డా, కరెంటు గిట్ల పెడ్తరా?" అని అడిగింది.

"ఏం పెట్టరవ్వా. మన లోపలికెళ్ళి వచ్చే సప్పుడును గది వింటది. గంతే" అన్నాను.

అనేసి నేనే ఉలిక్కిపడ్డాను. పట్నంలో ఉండీ ఉండీ నా యాస సగం నున్నబడిపోయింది. ఆ మాట నాది కాదు. 'గంతే' అన్నాక రెండు చేతులూ దులుపుకోవడం కూడా నాది కాదు. రెండూ మా ఆర్మూరు గామా మేడంవి. ఆవిడ పోయి ఏడాది దాటింది. నాకు కబురు తెలిసేటప్పటికి అన్నీ అయిపోయాయి, సరిగ్గా ఏడవను కూడా లేదు. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషికి ధైర్యం చెబుతూ ఇనుప కుర్చీలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "బుగులు పడకు బిడ్డా, ఏం కాదు" అని తిరిగి నాకే ధైర్యం చెప్పింది.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి వస్తున్న రోజులవి. నేను ఆర్మూరులో డిగ్రీ చదువుతున్నాను. మాది అడ్తి దుకాణం, అంటే రైతు తెచ్చిన పసుపును బయటినుంచి వచ్చే కొనుగోలుదారుకు అమ్మిపెట్టే వ్యాపారం. బాపు అడ్తిదారు మాత్రమే కాదు, మా కాలేజీని నడిపే కమిటీకి అధ్యక్షుడు కూడా. అందుకని కాలేజీలో నాకు పేరు లేదు, నేను 'సేటు బిడ్డ'ను. నేను క్లాసు ఎగ్గొట్టినా ఎవరూ నోరెత్తేవారు కాదు. ఫిజిక్స్ చెప్పే గామా మేడం ఒక్కతే, "ఏం పిల్లా, నిన్న మీ బాపుకు జరమొచ్చిందా, నీకా?" అని అందరి ముందూ అడిగేది.

పొట్టి మనిషి, పెద్ద గొంతు. నూలు చీర, మగవాళ్ళు తొడిగే తోలు చెప్పులు, జడలో ఎప్పుడూ దోపుకున్న ఒక నల్ల దువ్వెన. ఆవిడ వరండాలో ఆ చివర నడుస్తుంటే ఈ చివర క్లాసులో మేం సర్దుకుని కూర్చునేవాళ్ళం. పాఠం మధ్యలో ఆకలేస్తే ఆగి, ప్యూనుతో మిరపకాయ బజ్జీలు తెప్పించి, ముందు బెంచీ వాళ్ళకు పెట్టి, వెనక బెంచీ వాళ్ళకు "మీరు నిద్రపోతున్నరు గదా, నిద్రల తిండొద్దు" అని చెప్పి, మళ్ళీ పాఠం అందుకునేది. ఆవిడ క్లాసు జరిగినన్నాళ్ళూ నాకు ముందు బెంచీయే చోటు.

ఆవిడ అలవాట్లలో నాకు మొట్టమొదట గుర్తొచ్చేది చాక్‌పీసు. పెట్టెలోంచి ఒకటి తీసి, చెవి దగ్గర పెట్టుకుని, పుటుక్కున విరిచేది. ఒక్కోసారి తల ఊపి బోర్డు వైపు తిరిగేది. ఒక్కోసారి మొహం చిట్లించి, "గిది తడిగున్నది" అని పక్కన పడేసేది. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన లెక్చరర్లకు ఇది పిచ్చిగా అనిపించేది. మాకు అనిపించలేదు. ఆర్మూరులో పసుపు కొనే ప్రతి మనిషీ చేసే పనే అది. బాగా ఉడికి బాగా ఎండిన పసుపు చెవి దగ్గర విరిస్తే టక్కున మోగుతుంది. లోపల తడి మిగిలితే మెత్తగా వంగి, చప్పుడు లేకుండా విరుగుతుంది. బాపు రోజంతా చేసేది ఇదే. మేడం చాక్‌పీసుతో ఆగలేదు. బిస్కెట్టు, అప్పడం, చివరికి మా ప్రాక్టికల్స్‌కు తెచ్చిన పెన్సిళ్ళు కూడా చెవి దగ్గర పెట్టి విరిచింది. పెన్సిళ్ళ డబ్బులు ఎవరిస్తారని ప్రిన్సిపాల్ సారు గొణిగితే, "వినకుండ కొన్నది మీరు సార్" అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. బయటి వాళ్ళు పసుపు కొమ్ము అనేదాన్ని మా దగ్గర కాడి అంటారు. మొక్క మొదట్లో ఉండే గుండ్రటి దుంపను గోళ అంటారు. రైతు తెచ్చిన కుప్పలో రెండూ కలిసి ఉంటాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని కాడి ఒక పక్కకు, గోళ ఒక పక్కకు ఏరుతారు. మా దుకాణంలో ఏరేవాళ్ళలో అందరికన్నా వేగంగా, అందరికన్నా శుభ్రంగా ఏరే మనిషి ఆలూర్ నుంచి వచ్చేది. ఆదివారం చర్చికి పోవాలి కాబట్టి ఆ రోజు మాత్రం రానని మొదటే చెప్పి చేరిందట. గామా మేడం ఆ తల్లి కూతురు.

మేడం ఉద్యోగం కోసం కమిటీ ముందు కూర్చున్నప్పుడు బాపు, "ఏమ్మా, చదువు ఇంక నడుస్తున్నదంటున్నవు, ఢిల్లీకి పోతనంటున్నవు, ఆడ చేసే పనేంది?" అని అడిగాడట.

"మా అమ్మ పనే సేటు. కాడి గోళ ఏర్త. జర చిన్న సైజుల."

బాపు పడీ పడీ నవ్వి ఉద్యోగం ఇచ్చేశాడు. అది జోకు అనుకున్నాడు పాపం. ఆవిడ ఉన్నదున్నట్టే చెప్పింది.

ఆ సంగతి మాకు ఒకరోజు క్లాసులో తెలిసింది. మేడం కొంగులోంచి ఒక కాడి, ఒక గోళ తీసి బల్ల మీద పెట్టింది.

"గీ గోళ మీద మచ్చ లేదు, గీత లేదు, ఎటు చూసినా నున్నగున్నదనుకోండ్రి. తిప్పితే తిరిగినట్టు ఎట్ల తెలుస్తది?"

మేడమే గోళను వేళ్ళ మధ్య తిప్పి చూపించింది.

"తెల్వది. ఎటు చూసినా ఒక్క తీరుగున్నది తిరిగినా ఒకటే, ఊకున్నా ఒకటే. మరి గీ కాడి?" అని దాన్ని బల్ల మీద గిర్రున తిప్పింది. అది తిరిగి తిరిగి వచ్చి నా పుస్తకం మీద పడింది. "కండ్లు మూసుకున్నా గాలి తగిలి ఎరుకైతది."

పరమాణువు నడుమ ఉండే కేంద్రకాలు కూడా అంతేనట. కొన్ని గోళలు, కొన్ని కాడీలు. చూసి ఏరడానికి కంటికి కనపడవు. వాటిని గట్టిగా తిప్పి వదిలితే, నెమ్మదించేటప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ ఒక్కో గామా కిరణం వదులుతాయి. ఆ కిరణాల శక్తిని కొలిచి కాగితం మీద గీతలుగా గీస్తే రూపం తెలుస్తుంది. మేడం జడలోంచి దువ్వెన లాగి మాకు చూపించింది. "గిట్ల పండ్లు పండ్లు సమానంగ వచ్చినయా, గది కాడి. ఎట్లపడితే అట్ల వచ్చినయా, గోళ. గంతే." చేతులు దులుపుకుంది. నేను ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

ఆ రోజు నుంచి కాలేజీలో మనుషులందరినీ మేడం ఏరడం మొదలుపెట్టింది. ప్రిన్సిపాల్ సారు గోళ, ఎంత తిరిగినా తిరిగినట్టు తెలియదు. కెమిస్ట్రీ సారు బయటికి గోళ, కదిలిస్తే కాడి. నన్ను చూసి ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. "నువ్వు కాడివి పిల్లా. ఇంట్ల జర మర్లితే ఊరంత తెలుస్తది." నాకు రోషం వచ్చింది గానీ అబద్ధమని మాత్రం అనలేకపోయాను.

ఆవిడకు ఒక సొంత కేంద్రకం ఉండేది. దాని అసలు పేరు చెప్పేది కాదు, 'మనోడు' అనేది. మనోడు గోళ అని పుస్తకాలన్నీ రాశాయి. ఊరికే ఉన్నప్పుడు గోళే గానీ, గట్టిగా తిప్పితే సాగి కాడి అవుతాడని మేడం నమ్మకం. అది తేల్చడానికి ఢిల్లీకి పోవాలి. అక్కడ యాక్సిలరేటర్‌లో ఒక లోహాన్ని ఇంకో పరమాణువుల ధారతో కొట్టి మనోణ్ణి పుట్టిస్తారు. చుట్టూ బంతిలా అమర్చిన డిటెక్టర్లు వాడి గామాలను పట్టుకుంటాయి. ఆ డిటెక్టర్లు జెర్మేనియంతో చేసినవి, వాటిని ద్రవ నైట్రోజన్‌తో చల్లగా ఉంచకపోతే పనిచెయ్యవు. "మన బర్రెలోలె టైముకు తాపాలె" అనేది మేడం. దేశం నలుమూలల నుంచి వచ్చేవాళ్ళంతా ఆ యంత్రం కోసం వరసలో ఉంటారు. ఎవరికి ఇచ్చిన రోజులు వాళ్ళవి, తప్పిపోతే మళ్ళీ ఎప్పుడో దేవుడికే ఎరుక. మేడంకు ఎట్టకేలకు ఆ రోజులు వచ్చాయి. ఆ ఎండాకాలం మొదట్లోనే. సరిగ్గా పసుపు సీజన్ మధ్యలో.

బాపుకు కూడా ఈ ముచ్చట ఎక్కింది. రోడ్డు మీద మేడం కనపడితే స్కూటరు ఆపి, "ఏమన్నడు మీవోడు? కాడినా గోళనా?" అని అడిగేవాడు.

"ఇంక అడగలేదు సేటు. ఢిల్లీకి పోయినంక అడుగుత."

"గోళనే అయితడు చూడు. గన్ని పుస్తకాలు గోళ అంటే గోళనే."

"పుస్తకాలు విరిచి విన్నయా సేటు?"

బాపుకు ఆ జవాబు నచ్చేది. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పి నవ్వేవాడు. నాకు మేడం అంటే ఎంత ఇష్టమో, నిజానికి బాపుకూ అంత ఇష్టమే. అందుకే తర్వాత జరిగింది అంత బాధ పెట్టింది.

కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టారు. మేడం దగ్గర హైదరాబాదులో తన పీహెచ్‌డీ గైడును అడిగి తెచ్చుకున్న చిన్న డిటెక్టర్ ఉండేది. ఒక డబ్బాలో బిగించిన ఉప్పు స్ఫటికం, వేరే దిక్కుల గామాలు రాకుండా మూడు పక్కలా సీసం ఇటుకలు, పక్కన ఒక స్పీకరు. గామా తగిలినప్పుడల్లా టిక్కుమనేది. మేడం నాతో దుకాణం నుంచి ఒక సంచి పసుపు తెప్పించి దాని పక్కన పెట్టింది. అప్పటిదాకా ఆగి ఆగి పలుకుతున్న స్పీకరు టిక్కుటిక్కుమని అందుకుంది. పసుపులో పొటాషియం ఉంటుందనీ, పొటాషియంలో రవ్వంత భాగం పుట్టుకతోనే గామా వదులుతుందనీ, అరటిపండులో, ఆలుగడ్డలో, మన ఒంట్లో కూడా అదే ఉందనీ, భయపడే పని లేదనీ మేడం గొంతు చించుకుని చెప్పింది. కొడుకును చూడటానికి ధర్పల్లి నుంచి వచ్చిన ఒక రైతు రెండు మాటలే విన్నాడు. పసుపు, రేడియేషన్.

సాయంత్రానికి బస్టాండు దగ్గర చాయ్ హోటళ్ళలో, "పసుపుల రేడియేషన్ ఉన్నదట" అని షురూ అయింది. తెల్లారేసరికి అది నవీపేట్ దాకా పోయి, "ఆర్మూర్ పసుపు చీకట్ల మెరుస్తదట" అయి తిరిగొచ్చింది. మా వంటింట్లో అమ్మ పప్పులో పసుపు వెయ్యబోయి, చెంచా పట్టుకుని కాసేపు అలా నిలబడింది. మహారాష్ట్రలోని సాంగ్లీ నుంచి వచ్చిన కొనుగోలుదారులు రెండ్రోజులు చూద్దామని లాడ్జీలో పడుకున్నారు. మార్కెట్ యార్డు నిండా కుప్పలు, కుప్పల పక్కన దిగాలుగా రైతులు. కోత కోసి, ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన పంట అది, వాళ్ళకు మళ్ళీ ఏడాదిదాకా ఇంకోటి లేదు.

బాపు మేడంను పిలిపించాడు. "నేనే తెచ్చి నా నెత్తి మీద పెట్టుకున్న. రేపు మిషన్ పట్టుకుని యార్డుకు రా. అందరి ముందట పసుపుల ఏం లేదని చెప్పు. చెప్పకుంటే కాలేజీ బంద్, ఢిల్లీ బంద్."

"ఉన్నదాన్ని లేదని ఎట్ల చెప్త సేటు? భయం లేదని చెప్త."

"ఏదో ఒకటి చెప్పు తల్లీ" అన్నాడు బాపు. అంత పెద్ద మనిషి బతిమాలుతున్నట్టే అన్నాడు.

మర్నాడు యార్డులో కరెంటు తీగ లాగి మిషన్ పెట్టారు. ఊరంతా అక్కడే. మేడం ముందుగా పసుపు లేకుండానే మిషన్ వేసింది. టిక్, ఆగి, ఇంకో టిక్. "ఏం పెట్టలేదు గదా, మరి గిదేంది? నేలకెళ్ళి వస్తది, గోడకెళ్ళి వస్తది. మన తాతల కాలంకెళ్ళి వస్తనే ఉన్నది" అంది. తర్వాత ఎరువుల దుకాణం నుంచి తెచ్చిన పొటాష్ బస్తా పెట్టింది. స్పీకరు గోలగోలగా మోగింది. "మీ చేను నిండ చల్లుతరు గదా, ఎవరికన్న ఏమన్న అయిందా?" జనం కాస్త సర్దుకున్నారు. ఆపైన మా దుకాణం నుంచి తెచ్చిన మంచి కాడి, నిండు బస్తా పెట్టింది. పొటాష్ అంత కాదు గానీ బాగానే పలికింది. దాని తర్వాత ఎవరో తడి తగిలిన నాసిరకం సరుకు, సగం బస్తా తెచ్చి పెట్టారు. స్పీకరు నెమ్మదించింది.

ఉన్నట్టుండి బాపు లేచి నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ కాడి విరిచి చెవి దగ్గర పెట్టుకున్న మనిషి. ఆ చెవితోనే ఆ టిక్కులు విన్నాడు.

"విన్నరా? మంచి సరుకు మోగుతున్నది, తడి సరుకు మోగుతలేదు" అన్నాడు. "మనం చెవుల పెట్టుకుని విన్నట్టే గీ మిషన్ వింటున్నది. గింతే గదా ముచ్చట, దీనికి గింత లొల్లా?"

యార్డు మొత్తం ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. "గట్ల చెప్పు సేటూ" అన్నారు రైతులు. "గది కాదు సేటు, గా బస్తా సగమే ఉన్నది" అని మేడం అరుస్తూనే ఉంది. ఆ పెద్ద గొంతును జనం ముంచేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. సాంగ్లీ వాళ్ళు లాడ్జీ దిగి వచ్చారు. బేరాలు మొదలయ్యాయి.

మరుసటి రోజు కాలేజీ గేటు ముందు బస్తాలతో ఆటోలు నిలబడ్డాయి. మా పసుపు మోగుతుందో లేదో జర చూడమని. నిన్నటిదాకా ఆ మిషన్‌ను చూసి పారిపోయినవాళ్ళే దానికి బొట్టు పెట్టారు. ఒకాయన కొబ్బరికాయ కూడా తెచ్చాడు. మేడం ఒక్కొక్కరికీ దండం పెట్టి, "గిది మంచి చెడ్డ చెప్పదు తాతా, బస్తా పెద్దగుంటే ఎక్కువ పలుకుతది, గంతే" అని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. భయపడ్డ రోజు కన్నా ఆ రోజే ఆవిడకు ఎక్కువ కోపం వచ్చింది.

బాపు మాత్రం మంచి హుషారు మీదున్నాడు. పెయింటరును పిలిచి దుకాణం ముందుకు బోర్డు రాయిస్తున్నాడు, 'గామా మేడం విన్న పసుపు' అని. పెయింటరు 'గామా' వరకూ రాసేసరికి మేడం వచ్చింది. నేను గల్లా పక్కన కూర్చుని ఉన్నాను. వాళ్ళమ్మ కుప్ప ముందు కూర్చుని ఏరుతోంది.

"కూసో మేడం. నీ ఢిల్లీకి నువ్వెప్పుడంటే అప్పుడు పో. సెలవు నేనిప్పిస్త" అన్నాడు బాపు. "పోయేదాక పొద్దుగాల గంటసేపు గీ దుకాణంల మిషన్ పెట్టుకుని కూసో. నువ్వు అబద్ధం చెప్పే పని లేదు. ఏం మాట్లాడకు, సాలు."

ఊరికే కూర్చుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, ఢిల్లీ ఉంటుంది, మనోడు ఉంటాడు. నేను లోపల్లోపల ఒప్పుకో మేడం, ఒప్పుకో అనుకుంటూ ఉన్నాను. అంత చిన్నదానికి కాదంటుందని నాకు అనిపించలేదు.

మేడం వాళ్ళమ్మ వైపు చూసింది.

"సేటు, మా అమ్మ మీ దగ్గర ఎన్నేండ్ల సంది ఏరుతున్నది? గన్నేండ్లల్ల ఎన్నడన్న కాడిల గోళ కలిపిందా?"

"లేదు" అన్నాడు బాపు.

"నేను గూడ కలపను సేటు."

"నాకే ఎదురు చెప్తున్నవా?"

"ఎదురు కాదు. ఢిల్లీకి పోయి మనోడు ఏం చెప్తే గది వినాలె. గీడ మీకు నచ్చినట్టు వింటే, ఆడికి పోయి నాకు నచ్చినట్టే వింట. ఇంక నా పనేముంటది?"

బాపు మొహం ఎర్రబడింది. హమాలీలు, రైతులు, పెయింటరు, అందరూ చూస్తున్నారు. "అయితే సెలవు లేదు. పోతే మళ్ళ రాకు" అన్నాడు. మేడం సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ ఒడిలో ఉన్న పసుపు దులుపుకుని, ఏరిన రెండు కుప్పలనూ ఒకసారి చూసుకుని, కూతురి వెనకే నడిచింది. ఆ తర్వాత మా దుకాణానికి ఆవిడ మళ్ళీ రాలేదు.

బస్టాండుకు నేను వెళ్ళాను, ఇంట్లో చెప్పకుండా. సీసం ఇటుకలు సర్దిన ట్రంకుపెట్టెను ఎత్తబోయి కండక్టరు నడుం పట్టుకున్నాడు.

"ఏమున్నదమ్మా దీంట్ల, గింత బరువు?"

"సీసం."

"సీసం ఎందుకు?"

"లొల్లి వినపడకుండ" అంది మేడం. కండక్టరు నా వైపు జాలిగా చూశాడు, మీ మనిషేనా అన్నట్టు.

అవును, మా మనిషే. నాకు ఏడుపు ఆగలేదు. మేడం నా నెత్తి మీద ఒక్కటిచ్చి, "ఏడుస్తవేందే, కాడివై ఉండి. మీ బాపు మీద కోపం పెట్టుకోకు. ఆయన చెవి మంచిదే. ఊరోళ్ళు గూడినప్పుడే జర తప్పు వింటది" అంది. నిజామాబాద్ బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది.

కోపం పెట్టుకోవద్దంటే ఎలా కుదురుతుంది. చాలా రోజులు నేను బాపుతో మాట్లాడలేదు, అన్నం పెడితే తినేసి లేచిపోయేదాన్ని. బాపు కూడా ఏమీ అనలేదు. 'గామా' వరకే రాసిన బోర్డు గోదాములో నీళ్ళ తొట్టికి మూత అయింది. రైతులు ఎవరన్నా మిషన్ ఏదని అడిగితే, ఖరాబైందని చెప్పేవాడు. మా కాడి కుప్పలో గోళ వస్తోందని కొనుగోలుదారులు గొణిగినప్పుడు మాత్రం బాపు ఏరేవాళ్ళ వరస వైపు, ఆలూర్ ఆవిడ కూర్చునే చోటు వైపు చూసి తల తిప్పుకునేవాడు. మేడం ఢిల్లీ నుంచి హైదరాబాదు వెళ్ళిందనీ, అక్కడే ఏదో కాలేజీలో చేరి తల్లిని తీసుకుపోయిందనీ విన్నాం. మనోడు ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. ఢిల్లీలో విన్నదంతా కూర్చుని ఏరాలి కదా, దానికి నెలలు పడుతుందని మేడమే ఎప్పుడో చెప్పింది.

వానలు పోయాయి, చలి పోయింది, మళ్ళీ పసుపు వచ్చింది. నేను దుకాణానికి చాయ్ ఫ్లాస్కు తీసుకెళ్ళిన ఒక మధ్యాహ్నం గల్లా పక్కన ఫోను మోగింది. బాపు ఎప్పటిలాగే అరిచినట్టు, "హలో, ఎవరూ, చెప్పుండ్రి" అన్నాడు. అవతలి గొంతు వినగానే చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టి, బస్తాలు విసురుతున్న హమాలీలను చూసి, "ఏయ్, జర లొల్లి ఆపుండ్రి" అన్నాడు.

ఆ గొంతు ఫోనులోంచి నాకు కూడా వినిపించింది. అది అంత పెద్ద గొంతు.

"కాడినే సేటు."

బాపు ఏదో చెప్పాలని నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఒక మాట ఉంటుంది, క్షమించమనో, మంచిదనో, మళ్ళీ రమ్మనో. నేను దాని కోసం చూస్తున్నాను. మా బాపుకు అవేవీ రావు. ఆయనకు వచ్చింది ఒక్కటే, సరుకు ముందు నిలబడ్డ ప్రతి మనిషినీ ఆయన అడిగేది.

"విరిచి విన్నవా?"

"విన్న సేటు. దువ్వెనలెక్క ఉన్నది. పన్ను పన్ను లెక్కపెట్టుకోవచ్చు."

బాపు తల ఊపాడు, ఫోనులో కనపడదని మరిచిపోయి. ముందున్న పళ్ళెంలోంచి ఒక కాడి తీసుకున్నాడు. ఎప్పుడూ తన చెవి దగ్గర పెట్టుకునేవాడు, ఈసారి రిసీవర్ దగ్గర పెట్టాడు. రెండు చేతులూ కావాల్సొచ్చి, రిసీవర్‌ను నా చేతికిచ్చి పట్టుకోమన్నాడు. టక్కున విరిచాడు.

అవతల మేడం గొంతు సవరించుకోవడం నాకు వినిపించింది.

"మంచిగ ఎండింది సేటు" అంది. "అమ్మకు చెప్త."